సోలార్ డిజిటల్ వాచీ: కొత్త సెల్ వేసినా 20 రోజులకే ఆగిపోతోంది

పాతపెట్టె (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నాన్న వాచీ ఒకటి నా దగ్గరుంది. 1970ల చివర్లో తీసుకున్నానని చెబుతారు. స్టీలు కేసు, సన్నటి ఎల్‌సీడీ, దానిపైన వరుసగా నాలుగు సోలార్ సెల్స్. డయల్ మీద కంపెనీ పేరు చెరిగిపోయింది, లోపల మాడ్యూల్ (వాచీని నడిపే సర్క్యూట్) మీద చదవడానికి నంబరు కూడా లేదు. వెనక మూత స్క్రూల తలలు చూస్తే, ఇంతకుముందు ఎవరో బలవంతంగా విప్పినట్టే ఉంది.

సమస్య ఇది. మొదట 391 సెల్ (సిల్వర్ ఆక్సైడ్ బటన్ సెల్) వేశాను. రోజూ పెట్టుకునేవాణ్ణి. రెండు నెలలు దాటి ఒక నాలుగు రోజులు నడిచి ఆగిపోయింది. పాత వాచీ కదా, గీతలు పడతాయని రెండోసారి సెల్ వేసి సొరుగులో దాచాను. 20 రోజులకే చచ్చింది. సెల్ నాసిరకమేమో అని మంచిది తెచ్చి మూడోసారి వేశాను. మళ్లీ సొరుగులోనే, మళ్లీ అంతే, 21 రోజులు.

సోలార్ వాచీకి సెల్ ఎందుకురా అని ఇంట్లో అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు.

అరగంటలేటు (సోమవారం, రాత్రి 9:58)

ఆగిపోయిన డిజిటల్ వాచీ రోజుకు రెండుసార్లు కూడా కరెక్ట్ టైమ్ చూపించదు. ముల్లు వాచీకి ఆ గౌరవమైనా దక్కుతుంది.

ముల్లులేనివాచీ (సోమవారం, రాత్రి 10:15)

ఫోటో పెట్టగలరా? ఆ కాలం వాటిలో కొన్నింటికి ప్యానెల్ ఉత్త అలంకారమే. నా దగ్గర అలాంటిది ఒకటుంది. సోలార్ అని రాసి ఉన్న నల్లటి ప్లాస్టిక్ ముక్క, దాని వెనక ఒక్క వైరు కూడా లేదు. మీదీ అదే బాపతైతే ప్యానెల్ గొడవ వదిలేసి ఉత్త బ్యాటరీ వాచీలా చూడొచ్చు.

సెల్ ఎందుకంటే, చీకట్లో కూడా టైమ్ నడవాలి కాబట్టి. వెలుతురున్నప్పుడు ప్యానెల్, లేనప్పుడు సెల్. కొన్నిట్లో రీచార్జ్ అయ్యే సెల్ ఉండేది. కొన్నిట్లో మామూలు సిల్వర్ ఆక్సైడ్ సెల్లే పెట్టి, దాని ఆయుష్షు పెంచడానికి ప్యానెల్ తగిలించేవాళ్లు.

సోల్డర్‌పొగ (సోమవారం, రాత్రి 10:31)

ఊహాగానాలు వద్దు. మల్టీమీటర్ ఉందా తమ్ముడూ? ఉంటే సెల్ తీసేసి, ప్యానెల్ రెండు కొనల మధ్య వోల్టేజ్ చూసి చెప్పు. ఒకసారి గదిలో, ఒకసారి కిటికీ దగ్గర, ఒకసారి ఎండలో. ఆ తర్వాతే మిగతా మాటలు.

పాతపెట్టె (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

చూశాను గురువు గారూ. గదిలో లైటు కింద 0.7 వోల్టులు. కిటికీ దగ్గర 1.6. నేరుగా ఎండలో 2.1. అంటే అలంకారం కాదు, నిజం ప్యానెలే.

కానీ ఇంకో ఘోరం జరిగిపోయింది. ఎండలో కొలిచాక సెల్ పెట్టి, ఎలాగూ చార్జ్ అవుతుంది కదా అని కిటికీ గట్టు మీదే వదిలేసి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డిస్‌ప్లే మొత్తం నల్లబడిపోయింది! అంకెలు లేవు, ఏమీ లేవు, నల్లటి పలక. కాల్చేశానా? చాలా టెన్షన్‌గా ఉంది.

32768 (మంగళవారం, మధ్యాహ్నం 1:12)

వెంటనే నీడలోకి తీయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది. పావుగంట ఆగి చూడండి.

ఎల్‌సీడీలోని ద్రవం ఒక పద్ధతిలో మెలిదిరిగి ఉండి, కాంతిని కూడా తనతోపాటు తిప్పి కింది పోలరైజర్ (ఒక దిశ కాంతినే పోనిచ్చే పొర) గుండా పంపిస్తుంది, వెనక పొర మీద పడి అది అదే దారిలో బయటికి తిరిగొస్తుంది. బాగా వేడెక్కితే ఆ మెలిక పోయి మామూలు ద్రవంలా అయిపోతుంది. అప్పుడు కాంతి కింది పోలరైజర్ దగ్గరే ఆగిపోతుంది, అందుకే నలుపు. చల్లారితే మెలిక తిరిగొస్తుంది.

పాతపెట్టె (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

వచ్చింది! అంచుల నుంచి మధ్యకు మెల్లగా తేటబడుతూ వచ్చింది, చివరికి మధ్యలో చిన్న నల్ల మచ్చ మిగిలి అదీ పోయింది. మీ పుణ్యమా అని ప్రాణం కుదుటపడింది.

చిమటా (మంగళవారం, సాయంత్రం 4:20)

ఈసారి తప్పించుకున్నారు గానీ దాన్ని అలవాటు చేయకండి. ఎక్కువ వేడి పోలరైజర్ జిగురుకూ, సెల్‌కూ, గ్యాస్కెట్‌కూ (మూత కింది రబ్బరు రింగుకూ) దేనికీ మంచిది కాదు. పాత ఫిలమెంట్ బల్బు కింద పెట్టి చార్జ్ చేసేవాళ్లు కూడా చేసే తప్పు ఇదే. వెలుగు కావాలి, వేడి వద్దు. ఎల్‌ఈడీ లైటు కింద జానెడు దూరంలో పెడితే చాలు.

ఇక అసలు విషయం. మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. చేతికి పెట్టుకున్నప్పుడు రెండు నెలలు, సొరుగులో పెడితే 20 రోజులు. ఇది ఎవరూ పట్టించుకోలేదేం? మాడ్యూల్ పాడై కరెంటు ఎక్కువ తాగుతుంటే సొరుగైనా చేయైనా ఒకటే కావాలి. పైగా చేతికి ఉన్నప్పుడు లైటు నొక్కుతాం, అలారం మోగుతుంది, అప్పుడే తొందరగా అయిపోవాలి. మీదాంట్లో తిరగబడింది. మీ వాచీకి చీకటంటేనే పడట్లేదు.

సోల్డర్‌పొగ (మంగళవారం, సాయంత్రం 4:41)

అక్కా, భలే పట్టుకున్నారు. నేను కాంటాక్ట్ ప్లేటు గురించి రాయబోతున్నాను, చెరిపేశా.

తమ్ముడూ, డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) చూడాలి. సోలార్ సెల్ అంటే వెలుతురు పడ్డప్పుడే కరెంటిచ్చే వస్తువు. చీకట్లో అది కూడా ఒక డయోడే, కాకపోతే సెల్ నుంచి కరెంటు తాగే దిక్కుకు తిరిగి ఉంటుంది. పగలు పెట్టింది రాత్రి లాక్కుంటుంది. అలా లాక్కోకుండా ప్యానెల్‌కూ సెల్‌కూ మధ్య ఒక డయోడ్ పెడతారు. అది షార్ట్ అయితే వెలుతురున్నంతసేపూ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. దీపం ఆర్పగానే చిల్లు తెరుచుకుంటుంది.

32768 (మంగళవారం, సాయంత్రం 5:03)

కొలిచే పద్ధతి చెబుతాను. మీటర్‌ను నేరుగా మైక్రోయాంపుల్లో (యాంపులో పదిలక్షో వంతు) పెట్టకండి. చవక మీటర్లలో ఆ రేంజ్‌లో వోల్టేజ్ బాగా పడిపోయి, వాచీ రీసెట్ అయి తప్పుడు లెక్క వస్తుంది. 1 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి తీసుకోండి. సెల్ ప్లస్‌కూ వాచీ ప్లస్ కాంటాక్ట్‌కూ మధ్య దాన్ని పెట్టండి. మీటర్‌ను మిల్లీవోల్టుల్లో ఉంచి రెసిస్టర్ రెండు కొసల మీదా పెట్టండి. ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తే అన్ని మైక్రోయాంపులు. లెక్క కట్టే పని లేదు.

మామూలు ఎల్‌సీడీ వాచీ 1 నుంచి 3 మైక్రోయాంపుల మధ్య తాగుతుంది. మీదెంతో చూడండి. లైటు కింద ఒకసారి, నల్లగుడ్డ కప్పి ఒకసారి.

కొత్తచేతులు (మంగళవారం, రాత్రి 8:10)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది పాతది కాదు, 2000ల నాటి క్యాసియో టఫ్ సోలార్. సెల్ దిగిపోయింది. లోపల సీటీఎల్1616 అని ఉంది. అదే సైజులో సీఆర్1616 దొరుకుతోంది, సరిగ్గా పడుతుంది కూడా. వేసేయొచ్చా?

సోల్డర్‌పొగ (మంగళవారం, రాత్రి 8:14)

వద్దు.

చిమటా (మంగళవారం, రాత్రి 8:36)

అంత కోపంగా చెప్తే పిల్లాడు పారిపోతాడు. సైజు ఒకటే, వ్యాసం 16 మిల్లీమీటర్లు, మందం 1.6. లోపల సరుకు వేరు. సీటీఎల్ 2.3 వోల్టుల రీచార్జబుల్ సెల్. సీఆర్ 3 వోల్టుల లిథియం సెల్, దాన్ని చార్జ్ చేయకూడదు. మీ వాచీలో ప్యానెల్ ఎప్పుడూ కరెంటు తోస్తూనే ఉంటుంది. చార్జ్ కాకూడని సెల్‌లోకి కరెంటు తోస్తే ఉబ్బుతుంది, కారుతుంది. కొన్నాళ్లు బాగానే నడిచిందని చెప్పేవాళ్లున్నారు, ఆ తర్వాత మాడ్యూల్ తెచ్చి నా ముందు పెట్టినవాళ్లూ ఉన్నారు.

అసలు సెల్లే వేయండి. వేశాక సెల్ పక్కన ఏసీ అని రాసిన చుక్కకూ, సెల్ ప్లస్ వైపుకూ లోహపు చిమటాతో 2 సెకన్లు ముట్టించండి. ఆ రీసెట్ చేయకపోతే డిస్‌ప్లే పిచ్చి అంకెలు చూపించొచ్చు, లేదా అసలు రాకపోవచ్చు. వాచీ చచ్చిందనుకొని కొందరు ఇక్కడే వదిలేస్తారు.

కొత్తచేతులు (మంగళవారం, రాత్రి 8:50)

చాలా థాంక్స్ మేడమ్. ఏసీ అంటే కరెంటు ప్లగ్గు అనుకుని భయపడ్డాను.

పాతపెట్టె (బుధవారం, రాత్రి 10:20)

కొలిచాను. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

రెసిస్టర్ కాళ్లు రెండింటికీ సన్న వైర్లు చుట్టి, సెల్‌ను బట్టలారేసే క్లిప్పుతో పట్టి ఉంచాను. టేబుల్ లైటు దగ్గరగా పెడితే మీటర్ మీద మైనస్ 3. మైనస్ అంటే సెల్‌లోకే వెళ్తోందన్నమాట, అవునా? లైటును దూరం జరుపుతుంటే 0, ప్లస్ 5, 12, ఇలా పైకి పోతోంది. నల్లగుడ్డ కప్పాను. 40, 70, చివరికి 88 దగ్గర నిలిచింది. గుడ్డ తీస్తే మళ్లీ దిగిపోయింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

32768 (బుధవారం, రాత్రి 10:34)

మైనస్ సంగతి మీరు చెప్పిందే నిజం.

ఇప్పుడీ లెక్క చూడండి. 391 సెల్ సామర్థ్యం సుమారు 45 మిల్లీయాంప్ అవర్లు, అంటే 45,000 మైక్రోయాంప్ అవర్లు. దాన్ని 88తో భాగిస్తే 511 గంటలు. 21 రోజులు. సొరుగులో మీకొచ్చిన లెక్క ఎంత?

చేతికి ఉన్నప్పుడు రోజుకు 8 గంటలు కటిక చీకటి అనుకుందాం. 8 గంటలకు 704. 45,000ను 704తో భాగిస్తే 64 రోజులు. మసక వెలుతురును లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఇది మోటు లెక్క. కానీ రెండు నెలలు దాటి నాలుగు రోజులు అని మీరే రాశారు.

ఇంత ముచ్చటగా కలిసే లెక్కలు జీవితంలో అరుదు. నేను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

సోల్డర్‌పొగ (బుధవారం, రాత్రి 10:40)

కేసు తేలిపోయింది. డయోడ్ షార్ట్. ఒక కాలు విడదీసి చూడు, పోయిందనే వస్తుంది. కొత్తది వేసేయ్.

ముల్లులేనివాచీ (గురువారం, ఉదయం 7:25)

ఆయన డయోడ్ విప్పేలోపు చిన్న కథ. సోలార్ డిజిటల్ వాచీలకు ముత్తాత సింక్రోనార్. రోజర్ రీల్ అనే అమెరికా ఇంజినీర్ తయారుచేశాడు. పైన సోలార్ ప్యానెళ్లు, టైమ్ మాత్రం పక్క అంచు మీద ఎర్రటి ఎల్‌ఈడీ అంకెల్లో కనిపిస్తుంది. 2100 సంవత్సరం దాకా క్యాలెండర్ అందులోనే ఉంది. నీరు, దుమ్ము పోకుండా మాడ్యూల్ మొత్తాన్ని ప్లాస్టిక్‌లో మూసేశాడు. వాచీ బతికే ఉంటుంది, లోపలి నికెల్ కాడ్మియం సెల్స్ ముసలివైపోతాయి, మూత మాత్రం ఉండదు. విప్పాలంటే కోయాలి. కోయడానికి మనసు రాక నాది అద్దాల పెట్టెలో అలాగే కూర్చుంది.

ముళ్ల వాచీల్లో వెలుతురుతో నడిచే మొదటి క్వార్ట్జ్ 1976లో వచ్చింది, సిటిజన్ క్రిస్ట్రాన్. అందులో డయలంతా ప్యానెల్లే.

పాతపెట్టె గారిది నాలుగు స్క్రూలు తీస్తే విప్పుకునే వాచీ. అదృష్టవంతుడు.

అరగంటలేటు (గురువారం, ఉదయం 7:40)

2100 దాకా క్యాలెండర్ పెట్టినవాడు 10 ఏళ్లకు పోయే సెల్ మూసి పెట్టాడా? మా ఆఫీసు ప్రాజెక్టులన్నీ ఇలాగే ఉంటాయి.

పాతపెట్టె (శనివారం, సాయంత్రం 6:15)

గురువు గారూ, చిక్కొచ్చి పడింది. డయోడ్ బాగానే ఉంది.

సన్న కొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ తెచ్చి, సెల్ బయటికి తీసి, ఒక కాలు లేపాను. మీటర్ డయోడ్ రేంజ్‌లో ఒకవైపు 0.61 చూపిస్తోంది, తిప్పి పెడితే ఏమీ లేదు. రెండుసార్లు చూశాను. ఇది పోయిన డయోడ్‌లా లేదు. అనుమానంతో కొత్తది కూడా అక్కడే పెట్టి చూశాను. గుడ్డ కప్పితే మళ్లీ 85, 88. ఏం చేయమంటారు?

ఇంకోటి. విప్పుతున్నప్పుడు సన్నటి స్ప్రింగొకటి ఎగిరిపోయింది. కింద చాప దులిపినా దొరకలేదు. ఎక్కడిదో కూడా తెలీదు.

సోల్డర్‌పొగ (శనివారం, సాయంత్రం 6:52)

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కాలు లేపి ఉన్నప్పుడు చీకట్లో ఎంత చూపించింది?

పాతపెట్టె (శనివారం, సాయంత్రం 7:10)

అది చూడలేదు. ఇప్పుడు చూశాను. డయోడ్ పూర్తిగా తీసేసినా 80కి పైనే!

సోల్డర్‌పొగ (శనివారం, సాయంత్రం 7:13)

ఆహా. డయోడ్ లేకుండానే కరెంటు పోతోందంటే దానికి పక్కదారి ఏదో ఉంది. ప్యానెల్ నుంచి వచ్చే ప్లస్ వైరు ఊడదీసి చూడు. 2, 3కి పడిపోతే ప్యానెల్‌లోకే పోతోంది, దారి బోర్డు మీద ఎక్కడో ఉంది. పడకపోతే మాడ్యూలే తాగుతోంది, అప్పుడు కష్టం.

పాతపెట్టె (శనివారం, సాయంత్రం 7:45)

వైరు ఊడదీశాక 2.4. గుడ్డ ఉన్నా లేకున్నా 2.4.

చిమటా (శనివారం, రాత్రి 8:05)

మాడ్యూల్ పదిలం. ఊపిరి తీసుకోండి.

ఇప్పుడు భూతద్దం తీసుకుని, డయోడ్ కూర్చునే రెండు మెట్ల (దాని కాళ్లు అతికే రాగి ముక్కల) మధ్య బోర్డును చూడండి. పచ్చగా గానీ, తెల్లటి పొడిలా గానీ, ఆరిన జిగురులా మెరుస్తూ గానీ ఏమైనా ఉందా? ఎప్పుడో ఒక పాత సెల్ కారి ఉంటుంది. మీరు మొదటిసారి మూత తీసినప్పుడు తుప్పు కనిపించిందా?

పాతపెట్టె (శనివారం, రాత్రి 8:30)

సెల్ గూట్లో కాస్త ఆకుపచ్చ ఉంటే ఇయర్ బడ్‌తో తుడిచేశాను. అక్కడితో అయిపోయిందనుకున్నా.

ఇప్పుడు చూస్తే నిజమే. డయోడ్ పొట్ట కింద, రెండు మెట్లనూ కలుపుతూ వెంట్రుకంత సన్నటి పచ్చ గీత. అంచుల్లో తెల్లగా పొక్కినట్టు ఉంది. డయోడ్ అక్కడ ఉన్నన్నాళ్లూ దాన్ని కప్పేసింది కాబట్టి కనిపించలేదు. తీశాక కూడా నేను బోర్డు రంగే అనుకున్నాను.

చిమటా (శనివారం, రాత్రి 9:02)

అదే మీ దొంగ. చిలుము.

సిల్వర్ ఆక్సైడ్ సెల్‌లో ఉండేది క్షారం. 391 లాంటి ఎక్కువ కరెంటిచ్చే రకాల్లో పొటాషియం హైడ్రాక్సైడ్, 381 లాంటి తక్కువ కరెంటు రకాల్లో సోడియం హైడ్రాక్సైడ్. అది కారితే పొడి గుడ్డతో తుడిస్తే పోదు. రాగిని తింటూ బోర్డు మీద పాకుతుంది. గాల్లో తేమ పీల్చుకుని తడిగానే ఉంటుంది, తడిగా ఉన్నంతసేపూ కరెంటును పోనిస్తుంది. డయోడ్‌ను దాటి పోవడానికి మీ సెల్‌కు ఈ సందు దొరికింది.

క్షారాన్ని పులుపుతో విరగ్గొట్టాలి. తెల్ల వెనిగర్ ఒక్క చుక్క, అగ్గిపుల్ల కొసకు చుట్టిన దూదితో ఆ గీత మీదే అద్దండి. చిన్న బుడగలు వస్తే రానివ్వండి. మెత్తగా రుద్ది, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పిండిన దూదితో రెండుసార్లు తుడవండి. వెనిగర్ అక్కడ మిగిలితే అదీ తినడం మొదలుపెడుతుంది, ఇది మరిచిపోకండి. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పూర్తిగా ఆరాక అతికించండి.

ఎల్‌సీడీకీ, దాన్ని బోర్డుకు కలిపే జీబ్రా స్ట్రిప్‌కూ ఇవేవీ తగలనివ్వకండి. రెండూ విప్పి పక్కన పెట్టేస్తే ఇంకా మంచిది. రబ్బరులా ఉండే ఆ చారల కడ్డీని ఏ వైపు ఎలా ఉందో ఫోటో తీసుకుని మరీ తీయండి, వేలితో పట్టకండి. వేలి జిడ్డు చాలు, రేపు ఒక అంకెలో గీత మాయమవడానికి.

32768 (శనివారం, రాత్రి 9:20)

సోలార్ సెల్స్‌ను కూడా ఆల్కహాల్‌తో రుద్దకండి. పై పూత ఏ రకమో తెలీదు, మసకబారితే మళ్లీ రాదు. పొడి బ్రష్ చాలు.

పాతపెట్టె (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

చిమటా గారూ, మీ కాళ్లకు దండం.

వెనిగర్ అద్దగానే సన్నగా నురగ వచ్చింది. దూది పచ్చగా మారింది. ఆ పచ్చ రంగు చూస్తుంటే ఏదో పాత పగ తీర్చుకుంటున్నట్టు అనిపించింది. మూడుసార్లు మార్చాను, నాలుగో దూది తెల్లగానే వచ్చింది. గీత కింద బోర్డు పూత లేచిపోయి ఉంది గానీ రాగి దారులు తెగలేదు. కడిగి, ఆల్కహాల్ రాసి, రాత్రంతా ఆరబెట్టాను.

పొద్దున పాత డయోడే మళ్లీ అతికించి, ప్యానెల్ వైరు కలిపి, గుడ్డ కప్పి మీటర్ చూశాను. 2.4. రెండు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నా. 2.4 నుంచి కదల్లేదు. లైటు కింద పెడితే మైనస్ 3.

సోల్డర్‌పొగ (ఆదివారం, మధ్యాహ్నం 12:55)

శభాష్. నేను చెప్పినట్టు కొత్త డయోడ్ వేసి ఊరుకుని ఉంటే నాలుగో సెల్ కూడా హరీమనేది. ఇక నుంచి కొలవకముందు నోరు జారను. కనీసం ఈ నెలంతా.

కొత్తచేతులు (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

మరి ఆయన వేసే సిల్వర్ ఆక్సైడ్ సెల్ కూడా చార్జ్ చేయకూడనిదే కదా మేడమ్? ప్యానెల్ దాంట్లోకీ తోస్తోంది. నాకు వద్దని ఆయనకు సరేనంటారా?

చిమటా (ఆదివారం, సాయంత్రం 3:30)

మంచి ప్రశ్న. హద్దు ఎక్కడ పడుతుందంటే, ఎంత తోస్తోందన్న దగ్గర. ఆయన ప్యానెల్ మండుటెండలో, లోడ్ లేకుండా 2.1. డయోడ్ తన వాటా తినేశాక 1.6 చిల్లర మిగులుతుంది. సెల్ 1.55 దగ్గర ఉంటుంది. ఆ రెంటికీ తేడా అంత తక్కువ కాబట్టి లైటు కింద ఆయనకు 3 మైక్రోయాంపులే వెళ్లింది. ఆ ప్యానెల్ చేసే పని సెల్‌ను నింపడం కంటే, వెలుతురున్నంతసేపూ సెల్ మీద భారం పడకుండా వాచీని తనే మోయడం.

అయినా సిల్వర్ ఆక్సైడ్ సెల్ మీద చార్జ్ చేయొద్దనే రాసి ఉంటుంది, ఆ మాట నేను కాదనను. ఎండలో ఆరబెట్టొద్దు, రెండేళ్లకోసారి సెల్ బాగున్నా మార్చేయాలి. వాచీ వాడకుండా దాచేటప్పుడు సెల్ తీసి దాచాలి. నా చేతికొచ్చిన ఈ రకం వాటికి అలాగే చేస్తాను.

ముల్లులేనివాచీ (ఆదివారం, సాయంత్రం 4:05)

నేను ఒప్పుకోను. కారే సెల్ వల్లే ఇంత కథ నడిచింది, మళ్లీ అదే సెల్లా? ఎంటీ920 వేస్తే సరి. 1.5 వోల్టులు, రీచార్జబుల్, 9.5 మిల్లీమీటర్ల వ్యాసం, మందం 2. ఒక ప్లాస్టిక్ రింగు పెడితే గూట్లో కూర్చుంటుంది.

32768 (ఆదివారం, సాయంత్రం 4:40)

దాన్ని చార్జ్ చేయాలంటే 1.8 వోల్టులైనా కావాలి. ఈ ప్యానెల్ డయోడ్ దాటాక అంత ఇవ్వట్లేదు. పైగా ఎంటీ920 సామర్థ్యం 5 మిల్లీయాంప్ అవర్లే. 2.4 చొప్పున చీకట్లో 87 రోజులు, అదీ పూర్తిగా నిండితే. సిల్వర్ ఆక్సైడ్ అయితే 2.4 చొప్పున రెండేళ్ల పైన.

డయోడ్ బదులు షాట్కీ డయోడ్ వేస్తే 0.2, 0.3 వోల్టులే తింటుంది, అప్పుడు సరిపోవచ్చు అంటారేమో. షాట్కీలు వెనక్కి కొంచెం లీక్ అవుతాయి. లీక్ ఆపడానికే కదా ఈ వారమంతా తిప్పలు పడింది.

ముల్లులేనివాచీ (ఆదివారం, సాయంత్రం 5:00)

సరే, ఈ వాచీకి మీ మాటే. నా అభిప్రాయం మాత్రం నాదే.

పాతపెట్టె (రెండు నెలల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:15)

ఫలితం చెప్పకుండా మాయమయ్యానని తిట్టుకుంటున్నారేమో. పరీక్ష పెట్టాను, అందుకే ఆలస్యం. కొత్త 391 వేసి, నల్లగుడ్డలో చుట్టి, అదే సొరుగులో పెట్టాను. ఈరోజుకు 60 రోజులు. తీస్తే నడుస్తోంది. సెల్ వోల్టేజ్ 1.55. ఇప్పుడు సెల్ తీసి దాచమన్నారు గానీ దాచే ఉద్దేశం లేదు, నాన్నకు ఇచ్చేశాను.

60 రోజుల్లో 18 సెకన్లు ముందుకెళ్లింది. లోపల చిన్న స్క్రూలా ఉన్న ట్రిమ్మర్ తిప్పి సరిచేయనా?

32768 (శుక్రవారం, రాత్రి 9:32)

నెలకు 9 సెకన్లు అంటే మిలియన్‌లో మూడున్నర వంతులు. 40 ఏళ్లు దాటిన క్రిస్టల్‌కు (టైమ్ లెక్క నడిపే క్వార్ట్జ్ ముక్కకు) అది మెడల్ ఇవ్వాల్సిన మార్కు. పైగా సొరుగులో ఉన్న వేడి వేరు, మణికట్టు మీద వేడి వేరు. ఈ క్రిస్టల్స్ 25 డిగ్రీల దగ్గర బాగా నడిచి, అటూ ఇటూ పోయేకొద్దీ నెమ్మదిస్తాయి. ఆయన చేతి మీద ఓ నెల నడవనిచ్చి చూడండి. ఆ పాత ట్రిమ్మర్ తిప్పితే చేతికి వచ్చేసే ప్రమాదం కూడా ఉంది. ముట్టుకోకండి.

పాతపెట్టె (శనివారం, ఉదయం 8:05)

ముట్టుకోను. కానీ నాన్న పెట్టుకోగానే మొదటి మాట ఏమన్నారో తెలుసా? "దీనికి అలారం ఉండాలే, పొద్దున మోగలేదేం?"

డిస్‌ప్లేలో అలారం గుర్తు వస్తోంది. టైమ్ అయ్యాక గుర్తు మినుకుమంటోంది కూడా. శబ్దం మాత్రం లేదు.

చిమటా (శనివారం, ఉదయం 8:20)

ఆ రోజు ఎగిరిపోయిన స్ప్రింగ్ దొరికిందా?

మీ మూత లోపలి వైపు గుండ్రంగా ఇత్తడి బిళ్ల ఒకటి అతికి ఉంటుంది, అదే బజర్. బోర్డు నుంచి దానికి కరెంటు తీసుకెళ్లేది ఆ స్ప్రింగ్ ఒక్కటే. బోర్డు అంచున చిన్న గుంట ఖాళీగా ఉంటుంది చూడండి, అది దాని ఇల్లు. దొరక్కపోతే చచ్చిన మాడ్యూల్ ఏదైనా సంపాదించి అందులోది తీయండి. పెన్నులో స్ప్రింగ్ కోసి పెట్టకండి, అది గట్టిది, బోర్డును వంచేస్తుంది.

అరగంటలేటు (శనివారం, ఉదయం 8:31)

చాప మళ్లీ దులపండి. నా అనుభవంలో స్ప్రింగులు రెండు నెలల తర్వాత వాటంతటవే అరికాలికి గుచ్చుకుంటాయి.

పాతపెట్టె (శనివారం, రాత్రి 7:50)

దొరికింది. చాపలో కాదు. మూత విప్పడానికి డబ్బాలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాను, దాని కొనకు అయస్కాంతం ఉంది. కొనకు అంగుళం పైన, పిడి మొదట్లో, రెండు నెలలుగా అతుక్కుని అక్కడే ఉంది.

గుంటలో పెట్టి మూత బిగించాను. గ్యాస్కెట్‌కు సిలికాన్ గ్రీజు కూడా రాశాను. రేపు పొద్దున 5:30కి పెట్టమన్నారు నాన్న.